రోటి దగ్గర పాట

ఆ చలికాలం మొదట్లో పాప బడి నుంచి మమ్మల్ని పిలిచారు.

పిల్లల కోసం చేసిన బుల్లి కుర్చీల్లో మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చున్నాం, నేనూ మా ఆయనా. ఎదురుగా టీచరమ్మ కూడా అలాంటి కుర్చీలోనే కూర్చుంది. మంచి మనిషి. మాకు అర్థం కావాలని ఒక్కొక్క మాటా విడదీసి మాట్లాడింది. పాప తరగతిలో నోరు విప్పడం లేదట. ఆడుకుంటుంది, బొమ్మలు వేస్తుంది, చెప్పిన పని చేస్తుంది. మాట మాత్రం లేదట. ఇంట్లో వసపిట్టలా వాగే పిల్ల అక్కడ మూగనోము పట్టిందంటే నాకు నమ్మబుద్ధి కాలేదు.

"ఇంట్లో ఏ భాష మాట్లాడతారు?" అని అడిగింది.

"మాదే," అన్నారు మా ఆయన. "మా అమ్మకి అదొక్కటే వచ్చు."

"కొన్నాళ్లపాటు ఇంట్లో కూడా ఇక్కడి భాషే మాట్లాడి చూడండి. పాప తికమక పడుతోందని నా అనుమానం. పై తరగతికి వెళ్లేలోపు మాట రాకపోతే బాగా వెనకబడిపోతుంది."

మా ఆయన తల ఊపారు. ఎప్పట్నుంచో ఎవరో ఒకరు ఈ మాట అంటే బాగుండునని ఎదురు చూస్తున్న మనిషిలా ఊపారు.

ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఊరంతా లిఫ్టులు ఎక్కించే మనిషి ఇంటికి మాత్రం లిఫ్టు లేదు. మేమున్నది పాత భవనంలో పై అంతస్తు. ఆ మెట్లన్నీ ఎక్కి, భోజనాల దగ్గర కూర్చున్నాక, అత్తయ్యతో చెప్పారు.

"అమ్మా, రేపట్నుంచి పాప మెలకువగా ఉన్నంతసేపూ ఇంట్లో మన మాట వద్దు."

అత్తయ్య అన్నం కలుపుతున్న చెయ్యి ఆపింది. "మరి ఎవరి మాట?"

"ఇక్కడి వాళ్లది."

"నాకు రాదు కదరా."

"నేర్చుకుందువుగాని. కష్టమేం కాదు. ఈలోపు..."

"ఈలోపు నోరు మూసుకోవాలి. అంతేగా?" అని నవ్వింది ఆవిడ. కోపం లేదు ఆ నవ్వులో. నిజంగానే హాస్యానికి అంటున్నాడనుకుంది.

"మనం వాళ్లింటికి వచ్చాం అమ్మా. వాళ్లు మనింటికి రాలేదు. ఏ రోటి దగ్గర ఆ పాట పాడాలని నువ్వే కదా అనేదానివి."

"అన్నాను. పాట మార్చుకోమన్నాను గానీ గొంతు కోసుకోమన్నానా?"

పాప ఒకసారి నాన్నమ్మ వంకా, ఒకసారి నాన్న వంకా చూసింది. నేను దాని కంచంలో ఇంకో గరిటె అన్నం పెట్టాను.

పడుకునేముందు మా ఆయన్ని అడిగాను, మరీ అంత గట్టిగా చెప్పాలా అని. ఆయన మంచం అంచున కూర్చుని, గ్రీజు పోని గోళ్లని చూసుకుంటున్నారు.

"కంపెనీలో పని నాది. మాట ఇంకొకడిది. నిన్నగాక మొన్న చేరినవాడు ముందు నిలబడి, లిఫ్టుకి ఏమైందో ఇంటివాళ్లకి చెప్తాడు. నేను వాడి వెనక పనిముట్ల సంచి పట్టుకుని నిలబడతాను. అడిగితే, నీ మాట వాళ్లకి అర్థం కాదు, ఏమీ అనుకోకు అంటాడు మా పైఅధికారి. మర్యాదగానే అంటాడు." గోళ్లు చూసుకోవడం ఆపి తలెత్తారు. "నా కూతురు అలా ఎవడి వెనకా నిలబడకూడదు."

నిజం చెప్పాలంటే నేనూ అదే కోరుకున్నాను.

పొద్దున్నే అత్తయ్య నా కోసం వంటింట్లో కాచుకుని ఉంది. పాప ఇంకా లేవలేదు. గొంతు తగ్గించి, "అమ్మాయ్, చంటిపిల్లకి మందు పడుతుంటే తల్లి పథ్యం చేస్తుంది కదా. ఇదీ అలాంటిదే అనుకుంటాలే. దానికి మాట రానీ," అంది.

*

పథ్యమంటే పథ్యమే. చేస్తే ఆవిడలాగే చెయ్యాలి. పాప కళ్లు తెరిచిన దగ్గర్నుంచి మూసేదాకా అత్తయ్య నోట మన మాట ఒక్కటీ రాలేదు. ఏదైనా కావాలంటే వేలు చూపించేది. పాపకి జడ వేసేటప్పుడు తల అటు తిప్పు, ఇటు తిప్పు అని చేత్తోనే తిప్పేది. నేను పని నుంచి వచ్చేసరికి తలుపు తీసి, నా మొహం చూసి, అలిసిపోయానని తెలిస్తే మంచినీళ్లు తెచ్చిచ్చేది. అంతే. ఇదివరకైతే గుమ్మంలోనే మొదలయ్యేవి ఆవిడ కబుర్లు. పక్క భవనం మీద పావురాలు కొట్టుకున్నాయనీ, ఎదురు కిటికీలో ఎవరో ఎర్ర తెర తీసేసి పచ్చ తెర వేశారనీ.

పాప నిద్రపోయాక మాట్లాడొచ్చు కదా అంటే, పాపతోపాటే వెళ్లి పడుకునేది. ఇద్దరిదీ ఒకటే గది.

"అమ్మ పంతం పట్టింది. నాలుగు రోజులు పోతే అదే సర్దుకుంటుంది," అనేవారు మా ఆయన.

మొదటి వారం పాప ఏడ్చింది. మన మాటలో ఏదైనా అడిగితే మా ఆయన విననట్టు ఉండేవారు. ఆ వినపడనితనం ఆయనకీ కష్టంగానే ఉండేది. దవడ బిగుసుకునేది. తర్వాత పాపకి అది ఆటయింది. ఆటలో అది టీచరమ్మ, నాన్నమ్మ విద్యార్థి. నీళ్లు, కుర్చీ, చలి, వేడి, కూర్చో, థాంక్స్. ఒక్కొక్క మాటా చూపించి అనిపించేది. అత్తయ్య ప్రతి మాట చివరా ఒక అచ్చు తగిలించి మన మాటలా చేసేది. పాప పడీపడీ నవ్వి మళ్లీ అనిపించేది. గొంతు ఒకటి వినిపిస్తోంది కదా అని నాకు ఆ కాసేపూ ప్రాణం లేచొచ్చేది.

మంచు పడటం మొదలైన రోజుల్లో పాప బడిలో నోరు విప్పింది. కిటికీ తెరవమని అడిగిందట. టీచరమ్మ గేటు దాకా వచ్చి మరీ నాతో చెప్పింది. ఆ సాయంత్రం మా ఆయన పాపని భుజాల మీద కూర్చోబెట్టుకుని మెట్లన్నీ ఎక్కారు. ఇంట్లోకి రాగానే అత్తయ్యకి ఆ సంగతి అక్కడి భాషలోనే చెప్పారు. ఆవిడకి ఒక్క ముక్క అర్థం కాలేదు. కొడుకు మొహంలో సంతోషం మాత్రం అర్థమైంది. పాప బుగ్గలు రెండు చేతులతో పుణికి వేళ్లు విరిచింది.

నేను పనిచేసేది లాండ్రీలో. ఆసుపత్రుల దుప్పట్లు ఉతికి, ఆవిరి యంత్రంలోంచి తీసి మడతపెట్టాలి. ఒక్కో దుప్పటికి ఇద్దరం. అటు కొస పట్టుకునేది ఇంకో దేశం నుంచి వచ్చిన మనిషి, నాకన్నా పెద్దది. మా ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్నది అక్కడి భాషే. అది కూడా ఇద్దరికీ అరకొరే. పాప మాట్లాడిందని ఆమెకి సంతోషంగా చెప్పాను. ఆమె దుప్పటి లాగి పట్టుకుని, "నా పిల్లలు కూడా చాలా బాగా మాట్లాడతారు. వాళ్లలో వాళ్లు మాట్లాడుకుంటుంటే నేను రేడియో విన్నట్టు వింటాను," అంది. తర్వాత నా వైపు నడిచొచ్చి తన కొస నా చేతిలో పెట్టి, ఇంకో దుప్పటి అందుకుంది.

*

ఒకరోజు యంత్రం పాడై మమ్మల్ని తొందరగా పంపేశారు. మెట్లెక్కుతున్నాను. కింది అంతస్తులో ఓరగా తీసి ఉన్న తలుపు వెనకనుంచి అత్తయ్య గొంతు. ఆగిపోయాను. గలగలా, ఆపకుండా, మన మాట.

"మీ ఆయన కూడా గురక పెట్టేవాడా? మా ఆయన పెడితే ఎదురింటి కుక్క మొరిగేది. నిజం! పోయాక చూడు, ఆ గురక లేక నాకు నిద్ర పట్టలేదు కొన్నాళ్లు. ఏం మనుషులమో."

దానికి జవాబుగా ఆ ఇంటి పెద్దావిడ అక్కడి భాషలో తన మోకాళ్ల నొప్పుల గురించి చెప్తోంది. ఆవిడ ఆ దేశపు మనిషే. భర్త పోయి ఒంటరిగా ఉంటోంది. తలుపు సందులోంచి చూశాను. ఇద్దరూ కిటికీ దగ్గర చెరో కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఒకావిడ మాట్లాడుతుంటే ఇంకొకావిడ "ఊ" కొడుతోంది. వంతులు ఎక్కడా తప్పడం లేదు.

నేను చప్పుడు చెయ్యకుండా పైకొచ్చేశాను. ఆ దేశంలో మా అత్తయ్య మన మాట మాట్లాడుకోగలిగిన చోటు ఆ దేశపు మనిషి ఇల్లొక్కటే అయిందని తలుచుకుంటే నవ్వొచ్చింది. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. మా ఆయనకి చెప్పలేదు. చెప్తే అక్కడా మాట్లాడొద్దంటారేమోనని భయం.

చలి ముదిరింది. మెట్లెక్కి వచ్చాక అత్తయ్య గుమ్మం పట్టుకుని నిలబడిపోవడం ఎక్కువైంది. ఆ మెట్లకి నాకే ఆయాసం వచ్చేది. రాత్రి భోజనం సగంలో వదిలేసేది. వయసు, చలి అనుకున్నాం.

ఒక సెలవు రోజు మధ్యాహ్నం. బయట మంచు, లోపల హీటరు బుసలు కొడుతోంది. పాప నేల మీద రంగులు వేసుకుంటోంది. మా ఆయన మిక్సీ విప్పి పెట్టుకుని కూర్చున్నారు. నేను వంటింట్లో ఉన్నాను. సోఫాలో కూర్చున్న అత్తయ్య ఉన్నట్టుండి అక్కడి భాషలో, "వేడి," అంది.

అందరం అటు చూశాం. స్వెట్టరు మెడ దగ్గర పట్టుకుని లాక్కుంటోంది. మొహం చెమట్లు పట్టి ఉంది. "వేడి," అంది మళ్లీ, కొడుకు వంక చూస్తూ.

పాప ఎగిరి చప్పట్లు కొట్టింది. "నాన్నమ్మ అంది! నేను అడక్కుండానే అంది!"

మా ఆయన మొహం వెలిగిపోయింది. నా వైపు తిరిగి, "చూశావా? నేను చెప్పలేదూ, వస్తుందని!" అని లేచి వెళ్లి హీటరు తగ్గించారు. కిటికీ రెక్క కొంచెం తెరిచారు. తల్లి దగ్గరకొచ్చి వంగి, పాపకి చెప్పినట్టే నెమ్మదిగా, అక్కడి భాషలో, "ఇప్పుడు బాగుందా?" అని అడిగారు.

అత్తయ్య ఆయన మొహంలోకి చూసింది. తర్వాత పాప వంక చూసింది. తనకి తెలిసిన మాటల్లో ఇంకొకటి వెతుక్కున్నట్టుంది.

"థాంక్స్," అంది.

*

లాండ్రీలో మా పైఅధికారి వచ్చి నా భుజం తట్టినప్పుడు దుప్పటి కొస నా చేతిలో ఉంది. ఆవిరి హోరులో ఆమె ఏమంటోందో వినపడలేదు. అటు కొస పట్టుకున్నావిడ దుప్పటి కింద పడేసి వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

అత్తయ్య కింది పెద్దావిడ ఇంట్లోనే కుర్చీలోంచి ఒరిగిపోయింది. అంబులెన్సుని పిలిచింది ఆవిడే. నేను ఆసుపత్రికి వెళ్లేసరికి మా ఆయన పని బట్టల్లోనే నిలబడి ఉన్నారు. సాయంత్రానికి అంతా అయిపోయింది. మళ్లీ తెలివి రాలేదు ఆవిడకి.

డాక్టరమ్మ మమ్మల్ని పక్క గదిలో కూర్చోబెట్టింది. "కొన్ని వారాలుగా గుండె ఇబ్బంది పెడుతూనే ఉండాలి. ఎవరితోనూ ఏమీ చెప్పలేదా ఆవిడ?"

"లేదు," అన్నారు మా ఆయన. ఏ తప్పూ లేని ఉచ్చారణతో అన్నారు. "మా అమ్మ ఏమీ చెప్పలేదు."

అంత్యక్రియలకి లాండ్రీలో నాతో దుప్పట్లు మడిచే ఆమె వచ్చింది, కింది పెద్దావిడ వచ్చింది, మా ఆయన కంపెనీ నుంచి ఇద్దరు వచ్చారు. పాపకి ఏం చెప్పాలో తెలియలేదు. చెప్పిందేదో అక్కడి భాషలోనే చెప్పాం. అప్పటికి అది అలవాటైపోయింది.

కొన్నాళ్లకి కింది పెద్దావిడ మెట్లన్నీ ఎక్కి మా తలుపు తట్టింది. చేతిలో అత్తయ్య శాలువా. వాళ్లింట్లో కుర్చీ మీద ఉండిపోయిందట. లోపలికి రమ్మన్నాను. కూర్చుని, ఊపిరి తీసుకుని, కాసేపు శాలువా అంచులు సవరించి అడిగింది.

"నాకొక సంగతి చెప్పండి. మాంటా అంటే ఎవరు?"

"ఎవరు?"

"మాంటా. మీ అత్తగారు చాలాసార్లు ఆ పేరు చెప్పేది. ఇలా చెయ్యి పెట్టుకుని." ఆవిడ తన అరచెయ్యి రొమ్ము మధ్య ఆనించి పైకి, గొంతు దాకా రాసుకుంది. "మాంటా, మాంటా అనేది. కళ్లనిండా నీళ్లు. నాకూ అక్క పోయింది. ఆ బాధ నాకు తెలుసు. అందుకే ఆ పేరు చెప్పినప్పుడల్లా ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చునేదాన్ని. ఎవరు? కూతురా?"

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక గదిలో ఉన్న వస్తువులన్నీ దూరంగా జరిగినట్టయింది.

మంట. గుండెల్లో మంట. ఆవిడ నోరారా చెప్పుకుంది. చెప్పుకోగలిగిన ఒక్క చోటా చెప్పుకుంది. మా ఇంట్లో పాప ముందు పథ్యం చెడగొట్టకూడదు కదా, అందుకని మంటకి అక్కడి మాట ఏమిటా అని వెతుక్కుంది. పాప నేర్పిన వాటిలో మంటకి దగ్గరగా ఉన్నది ఒకటే. వేడి.

పెద్దావిడ నా జవాబు కోసం చూస్తోంది. పాలిపోయిన నీలికళ్లు, వణికే చేతులు. ఈ మాటకి అర్థం చెప్తే దాన్ని మోస్తూ ఆవిడ ఆ మెట్లు దిగలేదు.

"చెల్లెలు," అన్నాను. "మా అత్తయ్య చెల్లెలు."

"బతికుందా?"

"ఉంది."

"ఆమెకి చెప్పండి. అక్క రోజూ తలుచుకునేదని చెప్పండి."

"చెప్తాను," అన్నాను. ఆవిడ నా చెయ్యి నొక్కి లేచింది. మెట్ల మలుపు దాకా పట్టుకుని దించి వచ్చాను.

మా ఆయన పని నుంచి వచ్చి బూట్లు విప్పుకుంటున్నప్పుడు చెప్పాను. పాప లోపల బొమ్మలతో ఆడుకుంటోంది. నేను గొంతు తగ్గించలేదు, భాష మార్చలేదు. ఉన్నదున్నట్టు చెప్పాను. ఒక బూటు ఇంకా కాలికే ఉంది. అలాగే లేచి వెళ్లి హీటరు ముందు నిలబడ్డారు. దాన్ని ముట్టుకోలేదు.

"నేను సంతోషపడ్డాను," అన్నారు చివరికి. మన మాటలో అన్నారు. "అది చూసి ఊరుకుంది మా అమ్మ."

*

మంచు కరిగి వీధులన్నీ బురదయ్యాక టీచరమ్మ మళ్లీ పిలిచింది. మళ్లీ అవే బుల్లి కుర్చీలు. ఈసారి ఆవిడ మొహమంతా నవ్వు. పాప ఇప్పుడు తరగతిలో అందరికన్నా ఎక్కువ మాట్లాడుతోందట. కొత్తగా చేరిన ఇంకో పిల్లకి తనే అన్నీ వివరించి చెప్తోందట. "మీరు చాలా శ్రమ పడ్డారు. ఇలాగే కొనసాగించండి," అంది.

"ఇకనుంచి ఇంట్లో మా భాష మాట్లాడతాం," అన్నారు మా ఆయన.

ఆవిడ నవ్వు తగ్గింది. "మీ ఇష్టం. కానీ ఇంత బాగా వచ్చాక మళ్లీ ఎందుకు?"

"మా అమ్మ చనిపోయింది."

"అయ్యో. నాకు తెలియదు. చాలా విచారం," అంది టీచరమ్మ. నిజంగానే బాధపడింది. కానీ తనడిగిన ప్రశ్నకి అది జవాబెలా అవుతుందో ఆవిడకి తెలియలేదు. మా ఆయన నోరు తెరిచారు, మూశారు. ఇన్నేళ్లు కష్టపడి నేర్చుకున్న భాషలో ఆ సంగతి చెప్పడానికి ఎక్కడ మొదలుపెట్టాలో ఆయనకి దొరకలేదు. లేచి, మర్యాదగా థాంక్స్ చెప్పి వచ్చేశాం.

బస్సు స్టాపులో మా ఇద్దరి మధ్యా పాప. బస్సు ఇంకా రాలేదు. మా ఆయన వంగి దాన్ని మన మాటలో అడిగారు, "నాన్నమ్మ నీకు రాత్రిళ్లు కథలు చెప్పేది కదా. ఏం చెప్పేది?"

పాప నా వంక చూసింది, మాట్లాడొచ్చా అన్నట్టు. తల ఊపాను. కాసేపు ఆలోచించి మొదలుపెట్టింది. అక్కడి భాషలో. ఒక పిచ్చుక ఉందట. దాన్ని ఎవరో ఏదో అన్నారట. అది వెళ్లి గూట్లో మూల కూర్చుందట. కాకి వచ్చి పిలిచిందట, రాలేదట. ఉడుత వచ్చి పిలిచిందట, రాలేదట. వాన వచ్చిందట. ఎందుకు రాలేదంటే... పాప ఆగి, ఆ భాషలో మాట కోసం చూసి, దొరక్క, "అలక," అంది.

"తర్వాత?" అన్నారు మా ఆయన.

"తర్వాత నాన్నమ్మ చెప్పలేదు. రేపు చెప్తానంది. ఆ రేపట్నుంచే కదా నువ్వు వద్దన్నావు."

దాని గొంతులో నిష్ఠూరమేమీ లేదు. జరిగింది చెప్పింది, అంతే.

"నీకు తెలుసా నాన్నా? నీక్కూడా చెప్పిందా నాన్నమ్మ?"

"చెప్పింది."

"మరి పిచ్చుక వచ్చిందా బయటికి?"

బస్సొచ్చి మా ముందు ఆగింది. తలుపులు తెరుచుకున్నాయి. ఆయన పాప చెయ్యి పట్టుకుని అలాగే నిలబడ్డారు, కళ్లు మూసుకుని, నుదుటి మీద వేళ్లు పెట్టుకుని. చిన్నప్పుడు ఎన్నిసార్లు విని ఉంటారో ఆ కథని. డ్రైవరు మా వంక చూసి, ఎక్కుతారా లేదా అన్నట్టు చెయ్యి ఊపాడు.

"గుర్తు రావడం లేదమ్మా," అన్నారు.

ఎక్కాం. దిగేదాకా పాప కిటికీలోంచి బయటికి చూస్తూ ఒకటే ప్రశ్న మళ్లీ మళ్లీ అడుగుతూనే ఉంది, పిచ్చుక వచ్చిందా, వచ్చిందా అని, అక్కడి భాషలో.